ఔటర్ దగ్గర

కజ్జికాయల పిండి చేతులతోనే
మా అక్క దీవెనమ్మ వాదానికి దిగింది.
డిసెంబరు ఇరవై నాలుగు, గుంతకల్లు,
రైల్వే క్వార్టర్సులో రాత్రి పదకొండు.
వాకిట్లో వెదురుబద్దల నక్షత్రం
గాలికి ఒక పక్కకు తిరుక్కొని
పక్కింటి కుళాయికి దోవ చూపిస్తాంది.

"చుక్క నడుస్తుందా అక్కా? నడిచినా
ఒక కొట్టం మీదికొచ్చి నిలబడుతుందా?
అన్ని కోట్ల మైళ్ల అవతల మండేదానికి
ఆ కొట్టమేది, ఈ కొట్టమేది?"
ఏటా అడిగేదే అడిగినా.
ఏటా చెప్పేదే చెప్పింది:
"నీకు కొలతలు తెల్సు, దోవ తెల్దు."

బడి రిజిస్టర్లో నేను సుంకన్న.
చర్చి పుస్తకంలో సీమోను.
జీతం సుంకన్నకొస్తుంది,
చందా రసీదు సీమోను పేరున రాస్తారు.
ఈ ఇద్దరిలో ఎవరు తెలుసో
మీ దేవుణ్ణే అడుగు, అన్నా.
అక్క కొబ్బరికోరు ఇంత నోట్లో వేసుకొని
"ఇద్దరూ సోమరులే అంటాడు" అనింది.

అంతటితో ఆగింటే బాగుండు.
నోటి దూల, నేనే
బావ మాటెత్తినా.

"పదకొండు రాత్రులు మోకాళ్ల మీదున్నావు.
పాస్టరయ్య వచ్చి నూనె రాసిపోయె.
కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ మంచం
పన్నెండోనాడు పొద్దునకి ఖాళీ ఆయె.
నా సిగ్నల్ చూడు,
తీగ తెగినా, రిలే కాలినా, ఎలుక కొరికినా
ఎర్రకే పడేట్టు కట్టినారు.
చెడిపోతే ఆపుతుంది గానీ చంపదు.
నీ దేవుని తీగ తెగితే ఏం పడుతుందక్కా?"

మూకుట్లో ఒక కజ్జికాయ పగిలింది.
లోపలి బెల్లం మాడి వాసనొచ్చింది.
దాన్ని తీసి పక్కన పెట్టి
చానాసేపటికి అనింది:
"ఎర్రే పడిందిరా, ఆ పొద్దు.
నిలబడిపోయినా.
ఎర్ర పడితే డ్రైవరు
బండి దిగి ఇంటికి పోతాడా?"

జవాబు తట్టేలోగా ఫోను మోగింది.
తిమ్మనచర్ల వైపు ఔటర్ ఫెయిలు.

టార్చి, స్పానరు, మీటరు.
అక్క ఒక పొట్లం కట్టి జేబులో కుక్కింది.
ఎలుకే. శెనక్కాయ చేన్లు ఒట్టిపోయి
కేబులు మీద పడింది.
పెట్టె విప్పి, తీగలు గీకి, మెలేసి,
వేళ్లు కొంకర్లు పోతాంటే టేపు చుట్టి,
అయ్యేసరికి ఒకటింబావు.

గూడ్సు నిలబడే ఉంది.
యాభై ఎనిమిది పెట్టెల సిమెంటు.
ఇంజన్లో మస్తాన్ వలీ, తలకు మఫ్లరు.
పొట్లం విప్పితే "క్రిస్మసా?" అని
రెండు తీసుకున్నాడు.
ఎంతసేపాయె అంటే
"రెండు గంటలు. పడుతుందిలే పచ్చ అనుకున్నా.
ఎవరో ఒకరు బయల్దేరింటారు గదా."

ఎవరో ఒకరు.
ఆయన అట్ల అనుకునే టయానికి
నేనింకా వంటింట్లో కూచోని
ఎవరూ రారని మా అక్కకు రుజువు చేస్తాండా.

ఇది ఆమెకు చెప్పను.
చెప్తే ఆమెన్ అంటుంది.
నేను పోయింది ఫోనొస్తే.
ఫోను చేసింది స్టేషన్ మాస్టరు.
ఆయన్ను కూర్చోబెట్టింది డ్యూటీ చార్టు.
అన్నిటికీ సంతకాలుండాయి.
బావ మంచం దగ్గరికి మాత్రం
ఏ చార్టూ ఎవర్నీ పంపలేదు.
ఆ లెక్క నా దగ్గరే ఉంది, కొట్టెయ్యను.

తిరిగొచ్చేసరికి
అక్క తెల్లారుజాము ఆరాధనకు పోయింది.
పీట మీద గిన్నె, గిన్నె మీద మూత,
మూత మీద రాయి, పిల్లి రాకుండా.
మాడిన కజ్జికాయ లేదు.
తనే తినింటుంది.

తెల్లగా తెల్లారినా
నక్షత్రం ఇంకా వెలుగుతాంది.
కరెంటు దండగ.
స్విచ్చి ఆపి, కుర్చీ ఎక్కి,
హోల్డరు వదులైంటే బిగించినా.
కుళాయి వైపు తిరక్కుండా
దారానికి ఇంకొక ముడి వేసినా.