తెలుపు వెయ్యం

తిరుపతి నుంచి బస్సులో కాళాస్త్రికి వచ్చినాది ఆ పిల్ల.
పేరు జ్ఞానప్రసూన. ఒళ్ళో చెప్పులపెట్టె,
పెట్టెలో డెబ్బై ఎనిమిది టారో ముక్కలు.
"ఇవి గుడ్డ మీద కావాలక్కా.
కాయితం చెమటకు నలిగిపోతా ఉండాది.
ముందు ఈ ఇరవై రెండూ వెయ్యి."

వాళ్ళ తాత గోవిందరాజుల గుడి వెనక వీధిలో
చిలకను పెట్టుకోని కూర్చునేవాడంట.
చిలక లాగితే దేవుడొచ్చేవాడు.
ఈ ముక్కల్లో మన దేవుళ్ళు లేరు.
అయినా ఎవరి చేతిలో చూడు, ఏదో ఒక పువ్వు.

ముందు మొహాలు చూసే అలవాటు లేదు నాకు.
ముప్పై ఏండ్లుగా అంచు పనిదాన్ని:
తీగ, మొగ్గ, ఆకు, మళ్ళీ తీగ.
మొహాలు మా మామ వేసేవాడు.
కింద పేరూ ఆయనదే.

వెర్రిబాగులోడొకడు కొండ అంచున
తెల్ల రోజా పట్టుకోని ఆకాశం చూస్తా ఉండాడు.
కాలికాడ కుక్క మొరుగుతానే ఉండాది.
ఇంకో ముక్కలో ఒకామె
సింహానికి పూలదండ చుట్టి నోరు మూస్తా ఉండాది.
"బలమంటే ఇదేనక్కా."
మా ఇంట్లో సింహానికి పూలదండ చాల్లేదని
ఆ పిల్లతో అనలేదు.

రాణి గౌను నిండా దానిమ్మలు.
సంతానమంట, సిరంట.
నాకు దానిమ్మంటే తొక్కే.
జూసంగడోడు పారేసింది గోనెలో తెచ్చి
ఎండబెట్టి ఉడికిస్తే పసుపు.
గింజలు ఎవరు తిన్నారో తెలీదు.

"ఎరుపుకు అర్థమేంది పాపా?"
"కోరిక." కొంచేపాగి, "కోపం కూడా."
నాకాడ ఎరుపు ఎరుపుగా ఉండదు మే.
పటిక నీళ్ళతో రోజా రాస్తే
గుడ్డ తడిసినట్టుంటాది.
ఆరితే అదీ కనపడదు.
యాడ రాసినానో నాకే గుర్తుండదు.
ఏట్లో జాడించి, మంజిష్ట వేసి,
రాగి కాగులో మరగబెడితే
అప్పుడు లేస్తాది పైకి,
రాసిన చోటనే.

"జోస్యమూ అంతే కదక్కా?"
ఏమో. నాకు కట్టెలు తెలుసు, మంట తెలుసు.

పదమూడో ముక్క తీసేటప్పుడు
ఆ పిల్ల గొంతు తగ్గించింది.
తెల్లగుర్రం మీద ఎముకల మనిషి, నల్ల జెండా,
జెండా మీద ఐదు రేకుల తెల్ల పువ్వు.
"చావు కాదు, మార్పని చెప్తా.
వినకుండా లేచిపోతారు."

నలుపు సులభం. తుప్పు మేకులు, బెల్లం,
కుండలో ఇరవై దినాలు.
పాలు, కరక్కాయ తాగిన గుడ్డకు తగిలితే చాలు.
"మరి తెలుపు దేంతో చేస్తారు?"

తెలుపు వెయ్యం.
వదిలేస్తాం.
చుట్టూ నలుపు తోసుకుంటా పోయి
పువ్వుకాడ చెయ్యి ఆపాల.
ఆపేది నేర్చుకోడానికే
నా వయసంతా పట్టినాది.

ఆ రాత్రి కరెంటు పోయినాది.
సెల్లు వెలుతుర్లో వేస్తా ఉంటే
కలానికి చుట్టిన ఉన్నిలోంచి ఒక చుక్క
నాలుగో రేకు మీద పడింది.
కసిం పడితే పోదు.

రెండు నెలలకు వచ్చి
ఒక్కో ముక్కా ఎండకు పట్టి చూసుకుంది.
పదమూడో దాని మీద బొటనవేలు ఆగింది.
"దీనికి డబ్బులొద్దులే" అన్నా.
వినినట్టు లేదు.
గుడ్డ తిప్పింది, అంచులు వెతికింది.
"నీ పేరు యాడేసినావక్కా?"

ఆ చుక్క చూపించినా.