ఒకటీ ముప్పావు

నంజుండప్ప అంగట్లో తక్కెడకే
ముందు తెలిసింది.
రెండు కిలోల చక్కెర అని రాసే చోట
పెన్సిలుతో, దొంగలెక్క రాసినట్టు,
ఒకటీ ముప్పావు అని రాసిన నెల.
కళ్ళద్దాలు పైకి నెట్టి చీటీని చూసినాడు, నన్ను చూసినాడు.
"పావు కిలోకి ఏం దుడ్డు మిగులుతుందమ్మా?"
దుడ్డు కోసం కాదని చెప్పలేదు.

అంతకుముందు ఒకసారి అంతా ఒక్కరోజే మార్చేసినాను.
ఫ్యాక్టరీలో రక్తం తీసుకున్న నర్సు
కాగితం మీద ఒక అంకె చుట్టూ సున్నా చుట్టి ఇచ్చిన వారం.
బేగూరు రోడ్డు సూపర్ మార్కెట్లో
ఓట్సు, అవిసెలు, పేరు పలకడం రాని గింజలు,
పద్దెనిమిది వందల బిల్లు.
మూడో రోజు ఓబులేసు గిన్నెలోకి తొంగి చూసి
"ట్యాంకరు నడిపేవాడికి గంజి పోస్తావా" అని
హోటలుకు పోయినాడు.
మిగిలింది పావురాళ్ళు తిన్నాయి.
వాటి ఒంటికి మంచిదే.

అందుకే ఈసారి నెలకు ఒక్క గీటు.
చీటీలో ఒక్కటంటే ఒక్కటి.
జూన్‌లో చక్కెర. జూలైలో
నాలుగు పొట్లాల క్రీము బిస్కెట్లు మూడయినాయి.
హర్షిణి ఆ సాయంత్రమే పట్టేసింది,
లెక్కల్లో మాత్రం దానికి ముప్పై రెండే.
ఆగస్టులో పుట్టమ్మ బండి దగ్గర నిలబడినాను.
ఊరికే, కాళ్ళు లాగుతున్నాయని.
ఆమె దంటుసొప్పు అంటుంది, నేను తోటకూర అంటాను,
తడి గోనె కింద కట్ట ఒకటే.

సెప్టెంబరు రాయకూడదు. రాస్తున్నాను.
ఎక్స్‌పోర్టు ఆర్డరు, రాత్రి తొమ్మిది దాకా ఓవర్‌టైము,
కుట్టిన కాలర్లు కళ్ళు మూసుకున్నా కదిలేవి.
చీటీలో నూడుల్సు ఏడు, చిప్సు ఆరు,
చక్కెర మళ్ళీ రెండు.
నంజుండప్ప మారుమాటాడకుండా కట్టి ఇచ్చినాడు.
ఏదన్నా అని ఉంటే బాగుండునే అనుకుంటూ
మూడంతస్తులు ఎక్కినాను,
మెట్టుకో ఊపిరి.

అక్టోబరులో మళ్ళీ ఒకటీ ముప్పావు నుంచే.

చలి దిగినాక వీధంతా అనపకాయల వాసన.
రెండు కిలోలు తెస్తే ఒలవడానికే ఒక రాత్రి,
నానినాక పితకడానికి ఇంకో రాత్రి.
టీవీ ముందు పేపరు పరిచి కూర్చున్నాం.
వేళ్ళ మధ్య నొక్కితే తొక్క చేతిలో మిగిలి
పప్పు ఎగిరి ఓబులేసు మీసానికి తగిలింది.
హర్షిణి గురి చూసి ఇంకొకటి నొక్కింది.
పితికిపప్పు పులుసు, సంగటి ముద్ద.
గంజి అని ఎవరూ అనలేదు.
చిప్సు పొట్లం విప్పనే లేదని
పొద్దున తొక్కలు ఊడ్చేటప్పుడుగాని నాకు తెలియలేదు.

నిన్న చీటీ చదువుతూ ఆగినాడు నంజుండప్ప.
"చక్కెర రాయలేదే?"
పట్టుదల ఏమీ కాదు. మర్చిపోయినాను, అంతే.
ఖాళీ తక్కెడ కాస్త ఊగుతోంది.
వెనక ఎవరో పాలపొట్లానికి తొందరపెడుతున్నారు.
ఆ నర్సు అంకె ఇప్పుడెంతో నాకు తెలియదు,
పరీక్ష వచ్చే నెల.
"అర కిలో వేయి" అన్నాను.
అలవాటు చెయ్యి, కొంచెం ఎక్కువే పోసినాడు.
ఏమనుకున్నాడో,
ముల్లు నిలిచేదాకా
చెంచాతో వెనక్కి తీసినాడు.