మూడు నిమ్మచెక్కలు

ఫ్రిజ్ ఆగిపోయిందని
ముందు చెవికి తెలిసింది.
తెల్లవారుజామున మూడింటికి
ఇంట్లోంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టు
ఉలిక్కిపడి కూర్చున్నాను.
ఎవరూ లేరు.
పదకొండేళ్లుగా లేరు.

మోంతెవిదేవోలో జూన్ అంటే చలి.
సముద్రమంత వెడల్పున్న దాన్ని
మేము నది అనే అంటాం.
దాని మీంచి వచ్చే గాలికి
నాలుగో అంతస్తులో నా కిటికీ రెక్క
పంటినొప్పి మనిషిలా మూలుగుతుంది.
సందులో ఒక మేజోడు కుక్కాను.
దాని జత ఏమైందో తెలియదు,
అడిగేవాళ్లూ లేరు.

ఒంటికాయ సొంటికొమ్మునని జాలిపడకండి.
మంచంలో సగం నాది.
మిగతా సగం మడతపెట్టని బట్టలది, రేడియోది,
మధ్యలో వదిలేసిన రెండు పుస్తకాలది.
నిద్రలో అటు దొర్లితే
హ్యాంగరొకటి వీపులో గుచ్చి
హద్దు గుర్తు చేస్తుంది.

ఎలీదా అత్త పోతూ పోతూ ఇచ్చిన గిన్నె
ఆరుగురికి సరిపోయేది,
దానికి కొంచెంగా వండటం రాదు.
సోమవారం పప్పు
గురువారం దాకా పప్పే,
సింకు దగ్గర నిలబడి, గిన్నెలోంచే.
పళ్లెం తీస్తే పళ్లెం కడగాలి.
ఆదివారం మాత్రం పళ్లెం, కుర్చీ,
ఒళ్లో ఇస్త్రీ చేసిన గుడ్డ.
మరీ అడవి మనిషిని కాను.

గ్యాసు మీట మూడుసార్లు చూసి బయల్దేరతాను.
మూడోసారి చూశానో లేదో అని
వీధి మలుపు నుంచి వెనక్కి వస్తాను.
కింద కాపలా ఉండే ఓలెగారియో
కారణం అడగడం ఎప్పుడో మానేశాడు,
తలుపు తెరిచి పట్టుకుంటాడు.

మాతే ఒక్కరే తాగేది కాదంటారు.
నలుగురు కూర్చుంటే సొరబుర్ర చేతులు మారుతుంది,
చాలనుకున్నవాళ్లు మాత్రమే
"గ్రాసియాస్" అని పక్కకు తప్పుకుంటారు.
థాంక్స్ అంటే మా దగ్గర ఇక వద్దని.
నా వంటింట్లో ఎప్పుడూ నా వంతే.
ఆ మాట ఎవరూ అనకుండానే
థర్మాస్ ఖాళీ అవుతుంది.

పన్నెండింటికి మెకానిక్ వచ్చాడు,
వాషింగ్టన్ బెతాంకోర్,
ఆ పేరు ఇక్కడ వింతేం కాదు.
"ఇంట్లో ఎంతమంది ఉంటారు సెన్యోరా?"
బొత్తాల కొట్లో ముప్పై ఏళ్లు చేశాను,
లెక్క అడిగితే నోటి చివర ఉంటుంది.
ఎందుకో తడుముకున్నాను.
"ఒకరు" అన్నాను,
ఆ ఒకరు పక్కగదిలో పడుకున్నట్టు.

తలుపు తీశాడు.
మూడు సాసర్లలో మూడు నిమ్మచెక్కలు,
మూడు వయసులవి.
చూడకూడనిది చూసినట్టు
చూపు తిప్పుకున్నాడు.

సగం ఉందని మరిచి ఇంకోటి కోస్తాను, అంతే.
పక్కన మనిషుంటే "ఉందిగా" అనేది.
ఆ ఒక్క మాట కోసం ఒక పెళ్లి
నాకెప్పుడూ గిట్టుబాటు బేరం అనిపించలేదు.
ఒకసారి అనిపించింది.
అది వేరే సంగతి.

అంతా బిగించాక ఒక మర మిగిలింది.
"ఇది లేకపోయినా నడుస్తుందిలెండి" అన్నాడు.
నడుస్తోంది.
గొంతే కాస్త మారింది,
జలుబు తగ్గిన మనిషి గొంతులా.
మరను బొత్తాల సీసాలో వేశాను,
గోధుమరంగు వాటిలో.

మాతే పోసి ఇచ్చాను.
నిలబడే, ఒక్కటి తాగి, "గ్రాసియాస్" అన్నాడు.
ఇంకా రెండిళ్లకు వెళ్లాలట.
వేడినీళ్లు నింపి
నా వంతు నేను అందుకున్నాను.

రాత్రి కత్తి తీసి
నిమ్మకాయ మీద పెట్టి ఆగాను.
ఫ్రిజ్ తెరిచి చూశాను.
"ఉందిగా" అన్నాను, పైకే.
ఎండిన అంచు చెక్కేసి
మిగతాది పప్పులో పిండాను.
బుధవారం పప్పు.
కొంచెం ఉప్పు పడాలి.