పోగొట్టుకున్నచోట

మున్నేకొళాల మూడో క్రాసులో నా కర్రీ పాయింటు.
జీతం పడ్డ నిమిషానికి
ఓబులేష్ ఫోన్లోంచి అదంతా నా ఖాతాలోకి దూకుతుంది,
కుక్క తరిమిన కోడిపిల్లలాగ.

"అక్కా, రోజుకి రెండొందలు.
అడిగినా ఇయ్యొద్దు. ఏడ్చినా ఇయ్యొద్దు."

పప్పు అరువులు రాసే పుస్తకంలోనే
వాడికో పేజీ పెట్టినాను.
పైన అద్దె, కింద వాళ్ళమ్మ మందులు,
పక్కన నూనె మరక.

మొదట రమ్మీ అంట. తర్వాత క్రికెట్ టీములు.
ఆ తర్వాత కుక్కబొమ్మ నాణెం,
దాన్ని చేత్తో పట్టుకున్నోడు లేడు.
పది రూపాయలు పెడితే వెయ్యికి ఆడనిస్తారంట.
మా ప్రొద్దుటూరులో దాన్ని అప్పు అంటారబ్బీ, అన్నాను.
నవ్వినాడు.
ఆ నవ్వు ఖరీదు నాలుగు లక్షలని
ఉగాది తర్వాత తెలిసింది.

ఒకసారి గరిటె పక్కన పెట్టి అడిగినాను,
స్టాప్ లాస్ అంటే ఏందని.
"ఇంత పోతే చాలు, ఇంక లేస్తానని
కూర్చోకముందే రాసి పెట్టుకోడం, అక్కా."
రాసుకున్నావా?
"రాసుకున్నా. దగ్గరికొచ్చినప్పుడల్లా చెరిపి
ఇంకాస్త కింద రాసుకున్నా."

రోజూ నేను చేసేదే కదా ఇది!
రాత్రి పదైతే మిగిలిన కూర పారబోస్తాను.
ఎంత నూనె పోసినా, ఎంత బాగా కుదిరినా సరే.
రేపు అమ్ముడుపోతుందేమోనని
ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఫ్రిజ్జులో దాచినాను.
ఏడుగురు పిల్లలకు వాంతులు.

మొన్న రాత్రి రెండుకు షట్టరు మోగింది.
వాన. వాడి చేతిలో ఫోను వెలుగుతోంది,
మొహం మాత్రం ఆరిపోయింది.
"ఐదువేలక్కా. ఒక్క గంట. ఇప్పుడే లేస్తోంది.
పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలంటారు కదా!"

ఆ సామెత నేల కోసం పుట్టింది, నాయనా.
నేల ఎక్కడికీ పోదు.
జారిన కమ్మ జారినచోటే పడుంటుంది,
చీపురు పట్టుకుని, దీపం పట్టుకుని వెతుక్కోవచ్చు.
నీ డబ్బు పడిన చోటు నిలబడదు.
నువ్వు వంగేలోపు
అది ఎవడి జేబో అయిపోతుంది.

ఇదంతా వాడితో అన్నానా?
లేదు. రెండు కిలోల వెల్లుల్లి ముందర పోసినాను.
ఒలిచినాడు. మధ్యలో రెండుసార్లు తిట్టినాడు,
ఒకసారి నన్ను, ఒకసారి ఎవర్నో.
ట్యాంకరు వచ్చేసరికి తెల్లారింది.
వేళ్ళు మండుతున్నాయని ఫోను ముట్టుకోలేదు.

నాకెట్లా తెలుసంటే,
మడివాళలో చీటీల మంజుల పారిపోయినప్పుడు
పదకొండు రోజులు
తాళం వేసిన ఆ ఇంటి ముందు నిలబడినాను.
తాళం నాతో మాట్లాడుతుందేమోనని.

ఇంకొక మాట,
పుస్తకంలో రాయనిది.

వాడు డ్యూటీకి పోయినాక
వాడు పెట్టిచ్చిన యాపు తెరిచి చూసినాను.
ఊరికే, ధర చూద్దామని.
ఆ రాత్రికి పదకొండు శాతం పెరిగింది.
ఐదువేలకు లెక్క కట్టినాను, తర్వాత యాభైకి.
ఖాతాలో వాడి ముప్పైరెండు వేలున్నాయి,
అద్దె ఇంకా కట్టలేదు.
నా బొటనవేలికి వెల్లుల్లి లేదు, మంట లేదు.
పచ్చటి గీత పైకి పోతా ఉంటే
వేలు దానివైపు జరిగింది,
గోరంత.

కుక్కర్ విజిలేసింది.

సాయంత్రం ఓబులేష్ వచ్చినాడు.
రెండొందలు లెక్కబెట్టి ఇచ్చినాను.
"ఏమక్కా, మొహం అట్లుంది?" అన్నాడు.
వాడికి తెలుసు, ఆ మొహం.
ఏమీ లేదులేరా అన్నాను.

తొమ్మిదిన్నరకే
గిన్నె నిండా ఉన్న గుత్తివంకాయ
పారబోసినాను.
పదిదాకా ఆగలేదు.