రాత్రి సెలవు

నెవియో వీపు ఎడమవైపు
ఇప్పుడు కాస్త పల్లం.
ట్రియెస్తె రేవులో ముప్పై ఏళ్లు
కాఫీ బస్తాలు మోసిన కండ అది.
రక్తనాళం తెగకుండా ఒలిచి
పక్కటెముకల సందులోంచి లోపలికి తిప్పి
గుండెకి తలపాగా చుట్టినట్టు చుట్టారు.

రెండు వారాలు దాని జోలికి పోలేదు.
తర్వాత ఒక్కో కరెంటు చురక:
బరువు మరిచిపో, లయ పట్టుకో.

పట్టుకుంది. కానీ
రాత్రీ పగలూ పిండితే
కండ కొవ్వుగా మారిపోతుందని
ఈ మంచం మీద ముందు పడుకున్నాయన
మాకు నేర్పి వెళ్లాడు.

అందుకే పదింటికి
ఛాతీ మీద అయస్కాంతం ఆనించి
యంత్రాన్ని నిద్రపుచ్చుతాను.

"రేవులోనూ అంతే ఒందీనా,
నైట్ షిఫ్టుకి వేరేవాళ్లొచ్చేవాళ్లు."

మరి గుండెకెవరొస్తారని
అతను అడగడు.
కిటికీ రెక్కలు బోరా గాలికి కొట్టుకుంటున్నాయి,
లయ లేకుండా.