పదమూడు – పదిహేను

అయిదో సెట్టు.
బోర్డు మీద సుద్దతో రాసిన అంకెల్ని
వాచ్‌మన్ యాకూబ్ తడిగుడ్డతో తుడిచేశాడు.
ఆయనకేం, రేపిక్కడ ఇంకెవరిదో కబడ్డీ.

చాదర్‌ఘాట్ వంతెన మీద హారన్లు.
గాలి మళ్ళినప్పుడల్లా మూసీ వాసన వచ్చి
కాసేపు మా పక్కన కూర్చుని పోతోంది.
పన్నెండుమంది పిల్లలు
పన్నెండు దిక్కులు చూస్తున్నారు.
తబిత గడ్డిపోచలు తెంపుతోంది, ఒక్కొక్కటే,
పోయిన పాయింట్లు లెక్కపెడుతున్నట్టు.
నుజ్హత్ మాత్రం నవ్వుతోంది.
నాకు ఆ నవ్వంటేనే భయం.

పొద్దున బస్సులోనే ప్రసంగం కట్టుకున్నాను,
గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి.
రెండో దాంట్లో సాలీడు ఉంది,
తొలిమెట్టు రెండుసార్లు ఉంది.
నోరు తెరిచాను.
మెట్టు గొంతులోనే జారింది.

ఎందుకంటే పన్నెండు పన్నెండు దగ్గర
ముందు వరసకొచ్చిన సుగుణను బయటికి పిలిచింది నేను.
భుజం నొప్పనుకున్నా.
కాదు, అబద్ధమెందుకు,
పొడుగు పిల్ల ఉంటే బ్లాకు పడుతుందని ఆశ.
ఆ పొడుగు పిల్ల కీర్తన, తొమ్మిదో తరగతి,
బంతి పట్టి నెలన్నర.
ఎగిరింది. మోచేయి నెట్‌కి తగిలింది.
విజిల్ కంటే ముందే
నా వైపు చూసింది.

"తప్పు నాదమ్మా" అన్నాను.
"సుగుణను తీయకుండా ఉండాల్సింది."
అయ్యో లేదు సార్ అని ఒక్కరైనా అంటారనుకున్నాను.
సుగుణ లేసు ముడి వేసుకుంటూ, తలెత్తకుండా,
"ఎర్కే సార్" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు,
ఎవరో వెక్కడం మొదలెట్టారు,
రెండూ ఒకరే అయి ఉండొచ్చు.
"గట్ల మొకం మీదనే అంటరా!" తబిత.
"మరేం జెయ్యాలె, నాకు కాలుతున్నది."
కాలనీ.
ఆర్పే నీళ్ళు నా దగ్గర లేవు,
ఉన్నా ఇవాళ పోయను.

నెట్ విప్పడానికి లేచాం.
నెట్ మాదే. వాళ్ళది చినిగితే
ఫైనల్‌కి మా బడిది కట్టారు.
సొంత నెట్టే మమ్మల్ని పట్టిచ్చింది.
ఒక కొస ముడి ఎంతకీ రాదే!
మధ్యాహ్నం నేనే బిగించాను,
గెలిచేవాడి బిగింపు.
కీర్తన కడ్డీ మీదికి ఒక కాలెక్కి
పళ్ళతో లాగుతోంది.
సుగుణ, అంతసేపూ దాని మొహం చూడని సుగుణ,
వెనక నిలబడి దాని నడుము పట్టుకుంది.
ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు.
నేను బంతుల సంచీ మూతి కడుతూ
అటు చూడనట్టు చూశాను.

చిలకలగూడ బస్సు కిక్కిరిసి వచ్చింది.
కండక్టరమ్మ అడిగింది, "గెలిచిన్రా బిడ్డా?"
"లే...దు!"
పన్నెండు గొంతులు. ముందు సీటు ముసలాయన ఉలిక్కిపడ్డాడు.
రోజంతా వాళ్ళు ఒక్కటిగా అరిచింది ఇదే.
పన్నెండు జీరో టికెట్లు చిరిగాయి.
నాదొక్కటే, పైసలది.
సుగుణ కిటికీ వైపు తిరిగి
నాకు వినబడేంత మెల్లగా అంది:
"తప్పు జేసినోల్లకే టికెట్టు పడ్డది సూడున్రి."