ఒక్క డిగ్రీ

ముజెల్లో. రాత్రి రెండున్నర. గరాజ్‌లో ఒకే దీపం.
నెరీనా వెనక రెక్క అంచుని వేలితో తడుముతోంది,
ఫయెంజాలో వాళ్ళ నాన్న
కాల్చబోయే గిన్నె అంచుని తడిమినట్టు.

విమానం రెక్కే ఇది.
బోర్లా పెట్టారంతే.

నిలబడ్డ బండి ఏడొందల కిలోలు.
రెండొందల యాభై దాటిందా,
గాలి వచ్చి వీపు మీద కూర్చుంటుంది
ఇంకో బండంత బరువుగా.
కింద వేలెడు సందులో
ఇరుక్కుని ఉరికే గాలి
కడుపు పట్టుకుని తారులోకి గుంజుతుంది.
ఏ కాటాకీ అందని బరువు.
నిలబడితే ఉండదు.
వేగం సగమైతే, మిగిలేది పాతిక వంతే.

నిన్న కొండ మలుపులో
యాకొపో కాలు ఎత్తాడు, రెప్పపాటు.
గాలి లేచి వెళ్ళిపోయింది.
ఆపైన నేల విడిచిన సామే:
గిర్రున తిరిగి, కంకరలో పడి,
దుమ్ము అణిగేదాకా హెల్మెట్ తీయలేదు.
దెబ్బల్లేవు. రాత్రి భోజనం దగ్గర మాటల్లేవు.

"తగ్గావు కాబట్టే జారావు"
అని ఎలా చెప్పడం పంతొమ్మిదేళ్ళవాడికి?
గుండె జారినచోటే
పాదం దింపి ఉంచమని,
కనపడనిదాన్ని నమ్ముకోమని?
తను ఎప్పుడూ నడపలేదు ఆ మలుపులో.
ఆ మాట అనే హక్కు ఉందో లేదో.

స్పానర్ తీసుకుంది.
రెక్క ఒక్క డిగ్రీ నిలువుగా.
సూటి దారిలో గంటకి మూడు కిలోమీటర్లు పోతాయి,
పొద్దున్నే ఇంజనీరు సణుగుతాడు,
సణగనీ.

ఇకనుంచి గాలి
కాస్త ముందే వచ్చి కూర్చుంటుంది,
వాడు భయపడేలోగా.